బ్రెక్కె ఇంట్లో బతికున్న మనిషి

వాంగ్ కూడలి,
ఏప్రిల్ 4

టామ్లిన్ కౌంటీ రోడ్ల ఆఫీసు గుమాస్తా డార్లీన్ కొవారిక్‌కు,

ఆర్విడ్ టోలెఫ్సన్ వ్రాయునది. నేను క్షేమం. మీ ఆఫీసు క్షేమం గురించి నాకు ప్రత్యేకమైన కోరికలు లేవు.

నిన్న పొద్దున మా కూడలికి ఒక తెల్ల పికప్ బండి వచ్చింది. నడిపేవాడు నన్ను చూసి కూడా పలకరింపుగా స్టీరింగు మీంచి వేలు ఎత్తలేదు. ఈ కౌంటీలో ఎదురైన మనిషికి వేలెత్తని వాడు దొంగయినా అయివుండాలి, పన్నులవాడయినా అయివుండాలి, నగరం మనిషయినా అయివుండాలి. వాడు బండి దిగి, మా రోడ్డు పక్క గట్టు మీద నారింజ రంగు రిబ్బన్లు కట్టిన చెక్క మేకులు ఒంటి చేత్తో పాతాడు. నేను జీవితమంతా పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి, చరిత్ర చదివినవాణ్ణి. ఏ దేశంలోనైనా ముందు మేకులు వస్తాయి, వెనక సైన్యం వస్తుంది. మన డకోటాలో సైన్యానికి బదులు పందుల ఫ్యాక్టరీ వస్తుంది, లేదా ఏదో నగరం చెత్త వస్తుంది. రెండింటిలో ఏది అన్నదే నా ప్రశ్న.

వాడు నా తపాలా పెట్టె దాకా వచ్చి ఏదో అడగబోయాడు. తగిన జవాబు చెప్పి పంపించాను.

మీ ప్రాట్‌ఫర్డ్ ఊరివాళ్ళ సంగతి నాకు కొత్త కాదు. మా తాతల కాలంలో కోర్టు కాగితాలన్నీ గడ్డిబండిలో వేసుకుని మీ ఊరికి ఎత్తుకుపోయి కౌంటీ కేంద్రం చేసుకున్నారు. తరువాత మా పోస్టాఫీసు సెయింట్ వెండెల్ ఊరి కాథలిక్కుల పాలైంది. తరువాత వెన్న ఫ్యాక్టరీ పోయింది, బడి పోయింది. ఇక వాంగ్‌లో మిగిలింది లూథరన్ చర్చి, దాని వెనక శ్మశానం, నేను, ఎదురింటి రోజాలియా షోన్‌బర్గర్. ఆవిడ సెయింట్ వెండెల్ నుంచి వచ్చిన మనిషి. కాబట్టి లెక్కకు మిగిలింది మేం ముగ్గురమే.

మేకుల సంగతి వెంటనే తెలియజేయవలెను.

ఇట్లు,
నీ పాత మాస్టారు
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: బడిలో నీ చేత ఈ కౌంటీ పటం రెండుసార్లు గీయించాను. రెండుసార్లూ నువ్వు షెల్ నదిని కొండ ఎక్కించావు. అటువంటి నిన్ను తీసుకుపోయి రోడ్ల ఆఫీసులో కూర్చోబెట్టారంటే నాకు అనుమానం రాదా?


ప్రాట్‌ఫర్డ్,
ఏప్రిల్ 9

పూజ్యులైన టోలెఫ్సన్ మాస్టారికి నమస్కారాలు.

పందులూ రావు, చెత్తా రాదు. అంబులెన్సు కోసం కౌంటీ మొత్తానికి కొత్త పటం గీస్తున్నాం. పోయిన చలికాలంలో హెడ్‌స్ట్రామ్ వాళ్ళ ముసలమ్మకు గుండెనొప్పి వస్తే, ఇంటివాళ్ళు ఫోనులో చెప్పిన దారి “కాలిపోయిన గాదె దగ్గర ఎడమకు తిరగండి” అని. ఆ గాదె కాలినప్పటికి డ్రైవరు పుట్టనేలేదు. చివరికి వాళ్ళు చేరేసరికి ముసలమ్మే లేచి కాఫీ పెట్టి వాళ్ళకోసం ఎదురుచూస్తోంది. అందుకని ఇకమీదట ప్రతి రోడ్డుకూ ఒక అంకె, ప్రతి ఇంటికీ ఒక పేరు.

పటం ముసాయిదా కోర్టు వసారాలో గోడకు తగిలించాం. తప్పులుంటే ఎవరైనా చెప్పవచ్చు. మే మొదటి మంగళవారం కౌంటీ బోర్డు దాని మీద ముద్ర వేస్తుంది. ఆ తరువాత మార్చాలంటే మా వల్ల కాదు, దేవుడు కూడా అర్జీ పెట్టుకోవాల్సిందే.

మేకులు పాతింది డ్వేన్, మా ఆఫీసు మనిషే. మీరు నిశ్చింతగా ఉండండి.

విధేయురాలు,
డార్లీన్ లుండ్
(పెళ్ళయి ఇన్నేళ్ళయినా మీకు కొవారిక్‌నే)

తా.క.: నదిని కొండ ఎక్కించిన మాట నిజమే మాస్టారూ. కానీ ఆనకట్ట కట్టాక అది ఇప్పుడు అటే పోతోంది.


వాంగ్ కూడలి,
ఏప్రిల్ 15

డార్లీన్‌కు,

నన్ను చంపినందుకు కృతజ్ఞతలు.

మొన్న మా తమ్ముడి కూతురు మార్లిస్ ఫోను చేసింది. “పెదనాన్నా, వెళ్ళిపోతున్నావట. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?” అని ఏడుపు. ఎక్కడికి పోతున్నానే అంటే, కోర్టు గోడ మీద చూశానంది. అక్కడ నా ఇంటి బొమ్మ పక్కన “టోలెఫ్సన్ ఇల్లు” అని రాసి ఉందట.

ఈ కౌంటీలో పుట్టిన పిల్లవి, నీకు నేను చెప్పాలా? బతికున్నవాడికి ఇక్కడ ఇల్లుండదు. నేను కాపురముంటున్నది బ్రెక్కె ఇల్లు. ఓలె బ్రెక్కె పోయి యాభై ఏళ్ళు కావొస్తోంది. కప్పు నేను మార్చాను, గోడలు నేను మార్చాను, బావి నేను తవ్వించాను. అయినా అది బ్రెక్కె ఇల్లే. ఆ ఓలె బ్రెక్కె మాత్రం? బతికినన్నాళ్ళూ సుండె ఇంట్లోనే బతికాడు. ఎదురింటి రోజాలియా ఉన్నది రూడెన్ ఇల్లు. మనిషి పేరు ఇంటికి పడాలంటే అతను శ్మశానానికైనా వెళ్ళాలి, వృద్ధుల నిలయానికైనా వెళ్ళాలి. రెండింటిలో మొదటిది కొంత మర్యాద.

నువ్వు గోడకు తగిలించిన రోజు సాయంత్రం నుంచే నా వరండాలో గిన్నెలు మొదలయ్యాయి. అన్నిట్లోనూ ఒకటే వంట: మాంసం, బంగాళాదుంప, డబ్బా పుట్టగొడుగుల సూపు. చావింటి వంట నాకు తెలియదా? ఒకామె అరటిపండు ముక్కలు వేసిన ఎర్ర జెల్లీ కూడా తెచ్చింది. ఎర్ర జెల్లీ గడప దాటిందంటే ఇక మన ఊళ్ళో సందేహం లేదు, ఆ ఇంట్లో మనిషి పోయినట్టే. తెచ్చినావిడ ఇంగెబోర్గ్. చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళబోతూ, తలుపులో నన్ను చూసి నిలబడిపోయింది. “మీకు నా సంతాపం మాస్టారూ” అంది. నేను థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పమంటావు?

మార్లిస్ ఈ అదను కోసమే కాచుకుని ఉంది. సిల్వర్ లేక్ వృద్ధుల నిలయంలో నాకు గది చూస్తానంటోంది. అక్కడ వెండీ లేదు, సరస్సూ లేదు. ఉన్నది వృద్ధులే. నలుగురు మోస్తే తప్ప నేను ఈ గుమ్మం దాటనని చెప్పాను. “గోడ మీద ఉంది కదా పెదనాన్నా” అంటుంది.

కాబట్టి వెంటనే ఆ పేరు కొట్టేసి “బ్రెక్కె ఇల్లు” అని రాయవలెను. ఇది పొరపాటని నేను నమ్మను. నదిని కొండ ఎక్కించినందుకు నేను వేసిన మార్కులు నువ్వు మరిచిపోలేదు.

ఇంకా బతికే ఉన్న,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: జెల్లీ పారబోశాను. మిగతా గిన్నెలు ఉంచుకున్నాను. అభిమానం వేరు, ఆకలి వేరు.


ప్రాట్‌ఫర్డ్,
ఏప్రిల్ 18

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. అలా రాయడం తప్పే, సందేహం లేదు. కానీ ఇంటి పేర్లన్నీ డ్వేన్ ఊరూరా తిరిగి కనుక్కుని రాసుకొచ్చినవి. అతను గోధుమలు విత్తడానికి వాళ్ళ అన్నయ్య దగ్గరికి సెలవు మీద వెళ్ళాడు. వచ్చాక అడుగుతాను. బోర్డు కూర్చునేదాకా పటం మీది రాత కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు. అందుకని ఈలోగా మీ ఇంటి బొమ్మ పక్కన ఒక చీటీ అంటించాను: “ఆర్విడ్ టోలెఫ్సన్ గారు ప్రస్తుతానికి బతికే ఉన్నారు.”

ఇక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదనుకుంటాను.

విధేయురాలు,
డార్లీన్

తా.క.: ఇంగెబోర్గ్ లుండ్ మా అత్తగారు. జెల్లీ ఎలా ఉందని అడిగారు. చాలా బాగుందన్నారని చెప్పాను. మీరిద్దరూ ఎదురైతే దయచేసి నన్ను బతికించండి.


వాంగ్ కూడలి,
ఏప్రిల్ 23

డార్లీన్‌కు,

“ప్రస్తుతానికి” బతికే ఉన్నానని గోడ మీద అంటించే తెలివి నీకు ఏ బడిలో వచ్చింది? నా బడిలో మాత్రం కాదు.

నీ చీటీ గోడకెక్కిన మరుసటి రోజే మా పాస్టరు వచ్చాడు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకిచ్చే ద్రాక్షరసం, రొట్టె సంచిలో పట్టుకుని. గొంతు తగ్గించి, నొప్పి ఎక్కడని అడిగాడు. కౌంటీ కేంద్రంలో అన్నాను. జ్వరం తలకెక్కిందనుకున్నాడు.

తరువాత కల్నల్ లైల్ ఓస్ట్‌బీ వచ్చాడు. వేలం వేసేవాళ్ళను మన దగ్గర కల్నల్ అనడం ఎవరు మొదలుపెట్టారో గాని, ఈ కల్నల్ చూసిన యుద్ధమల్లా చనిపోయినవాళ్ళ సామాను కోసం బంధువులు కొట్టుకోవడమే. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి నా ట్రాక్టరు టైర్లు తన్ని చూశాడు.

“ఇవెప్పుడు మార్చావు ఆర్విడ్?” అన్నాడు.

“నీకెందుకు?”

“ఊరికే. తొందరేం లేదులే. జూన్ అయితే గాలి తగ్గుతుంది, జనం బాగా వస్తారు.”

అక్కడితో అయిపోలేదు. నిన్న రోజాలియా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం. నేను వేలెత్తుతాను, ఆవిడ వేలెత్తుతుంది, అంతకు మించి మాట లేదు. ఆవిడ కాథలిక్కు. పైగా ఆవిడ మొగుడు లియో బతికున్న రోజుల్లో వాళ్ళ ఎద్దు నా కంచె విరగ్గొట్టింది. కంచె బలహీనంగా ఉందని లియో నాతోనే అన్నాడు. అటువంటి ఇంటినుంచి ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చి, “వేడిగా ఉంది, చల్లారకముందే తినండి” అని చేతికిచ్చి వెళ్ళిపోయింది. మూత తీస్తే క్యాబేజీ, సాసేజీ. సూపు లేదు, బంగాళాదుంప లేదు. చావింటికి తెచ్చే వంట కాదది. బతికున్నవాడికి వండిన వంట. సరిగ్గా అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఆవిడ కన్ను నా మూల పొలం మీద ఉందా, ట్రాక్టరు మీద ఉందా? ముందుగా పిల్లికి పెట్టాను. పిల్లి తిని, రోడ్డు దాటి వెళ్ళి వాళ్ళ మెట్ల మీద కూర్చుంది. ఇంతవరకు తిరిగి రాలేదు.

చీటీ పీకెయ్. పేరు మార్చు.

ప్రస్తుతానికి,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: ఆవిడ గిన్నె అడుగున తన పేరు టేపు మీద రాసి అంటించింది. అంటే తిరిగి ఇవ్వాలి. కాథలిక్కుకైనా సరే, ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చే వంశం కాదు మాది. నిరుడు నేను ఊరబెట్టిన బీట్‌రూట్ నింపి ఇచ్చాను. ఈ నష్టానికి కూడా మీ ఆఫీసుదే బాధ్యత.


ప్రాట్‌ఫర్డ్,
ఏప్రిల్ 26

మాస్టారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చీటీ పీకేశాను. దానివల్ల కొత్త చిక్కు వచ్చింది. నిన్నటిదాకా “ప్రస్తుతానికి బతికే ఉన్నారు” అన్న చీటీ ఇవాళ కనబడకపోయేసరికి చూసినవాళ్ళు టోపీలు తీశారు. ధాన్యం కో-ఆప్ వాళ్ళు జెండా సగానికి దించారు. నేను ఫోను చేసి పైకి ఎత్తించాను.

ఇంకో రెండు సంగతులు. మార్లిస్ ఆఫీసుకు వచ్చింది. సిల్వర్ లేక్‌లో మీ పేర గది తీసుకుందట, మే నెల మధ్య నుంచి. బోర్డు ముద్ర పడితే ఇక మీరు కాదనలేరని ఆమె ధైర్యం. మీ మీద ప్రేమతోనే మాస్టారూ. పోయిన జనవరిలో మీరు మంచు మీద జారిపడి, పాలబండి వచ్చేదాకా అక్కడే పడి ఉన్నారని చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆమె వెళ్ళాక షోన్‌బర్గర్ గారు వచ్చారు. వచ్చి, మా కౌంటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి ఊలు తీసి అల్లడం మొదలుపెట్టారు. “అది బ్రెక్కె ఇల్లు. ఆ మాట రాసేదాకా నేను లేవను” అన్నారు. బోర్డే రాయాలమ్మా అంటే, “సరే, బోర్డు కూర్చునేదాకా నేనూ కూర్చుంటాను” అన్నారు. సాయంత్రం ఆఫీసు మూసేవేళ బతిమాలి పంపించాం. మర్నాడు మళ్ళీ వచ్చారు.

మంగళవారం మీరే స్వయంగా బోర్డు ముందుకు రండి.

విధేయురాలు,
డార్లీన్

తా.క.: బీట్‌రూట్ బాగుందట, ఉప్పు మాత్రం తక్కువట. ఈ మాట మీకు రాయమని రెండుసార్లు గుర్తుచేశారు.


వాంగ్ కూడలి,
ఏప్రిల్ 29

డార్లీన్‌కు,

నా తరఫున నీ కౌంటరు ముందు కూర్చోమని ఆవిడకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఉచితంగా వచ్చే సాయాన్ని నమ్మిన రాజ్యాలు ఏమయ్యాయో చరిత్రలో నీకు చెప్పాను. నువ్వు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండివుంటావు.

నిన్న ఆవిడ మళ్ళీ గిన్నె తెచ్చి ఇచ్చింది. ఈసారి పిండి ముద్దలు, పంది మాంసం. గిన్నె తిరిగి ఇచ్చే నెపంతో వెళ్ళి ముఖం మీదే అడిగాను, నా ఇంటి పేరుతో మీకేం పని అని.

“కూర్చోండి” అంది.

“నిలబడే వింటాను.”

“మీరు పోతే ఆ ఇంట్లోకి ఎవరో కొత్తవాడు వస్తాడు. వాడు వేలెత్తుతాడో లేదో, ఎలాంటివాడో. మీది పొగరని నాకు తెలుసు. ఏ వేళకు ఏ పొగరో కూడా తెలుసు. ఈ వయసులో కొత్త మనిషి పొగరు నేర్చుకునే ఓపిక నాకు లేదు.”

పిల్లిని తీసుకుని వచ్చేశాను. తలుపు తీయగానే అది మళ్ళీ అటే పోయింది.

అసలు విషయానికి వస్తాను. ఈ అల్లరికంతా మూలం ఆ డ్వేన్ అనేవాడు. ఎవరో వాడికి అబద్ధం చెప్పారు, లేదా వాడే పుట్టించాడు. మంగళవారం వాణ్ణి బోర్డు ముందు నిలబెట్టండి. నేను ఇల్లు వదిలిపోయానని వాడికి చెప్పిన అబద్ధాలకోరు ఎవరో కౌంటీ అందరి ఎదుటా చెప్పించాలి. ఆ మనిషిని నేను వదలను. ముఖం చెల్లకుండా చేస్తాను.

ఇట్లు,
న్యాయం కోరే,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: బీట్‌రూట్‌లో ఉప్పు సరిగ్గానే ఉంది. ఈసారి కాస్త ఎక్కువ వేసి ఇచ్చాను, మారుమాట లేకుండా.


ప్రాట్‌ఫర్డ్,
మే 2

మాస్టారికి నమస్కారాలు.

డ్వేన్ తిరిగి వచ్చాడు. ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

మీరనుకున్నట్టు అతను నగరం మనిషి కాదు. ఇంటిపేరు బ్రెక్కె. ఓలె బ్రెక్కె మునిమనవడు. వాళ్ళ నాన్న వాళ్ళు ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయినా, ఇళ్ళ పేర్ల సంగతి నానమ్మ దగ్గర నేర్చుకున్నాడు, మీకూ నాకూ తెలిసినంత బాగానే తెలుసు. ఆ రోజు వేలెత్తకపోవడానికి కారణం, ముందు వారం దూడ తన్ని కుడి చేతికి కట్టు ఉంది. ఎడమ చేయి స్టీరింగు మీంచి తీస్తే బండి గోతిలో పడుతుంది.

తన పూర్వీకుల ఇల్లు కదా, చూడాలని ఆశగా వచ్చాడట. తపాలా పెట్టె దగ్గర చెవులకు తొడుగున్న టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడట. “పెద్దాయనా, బ్రెక్కె ఇల్లు ఇదేనా? టోలెఫ్సన్ గారు ఉన్నారా?” అని అడిగాడు. పెద్దాయన చెప్పిన జవాబు డ్వేన్ అక్కడికక్కడే రాసుకున్నాడు: “టోలెఫ్సన్ ఇక్కడ లేడు. ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడు. నీ మేకులు తీసుకుని నువ్వూ వెళ్ళు.”

ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి పేరు ఇంటికి పడుతుంది. మన పద్ధతి ప్రకారం డ్వేన్ సరిగ్గానే రాశాడు.

అతను మంగళవారం వచ్చి బోర్డు ఎదుట ఇదంతా చెబుతాడు, మీరు కోరారు కాబట్టి. మార్లిస్ వస్తుంది. మా అత్తగారు కూడా వస్తారు. మీరు రాకపోతే పేరు అలాగే ఖాయమవుతుంది, సిల్వర్ లేక్ గది కూడా. వస్తే ఆ పెద్దాయన ఎవరో మీరు చెప్పాల్సి వస్తుంది. ఏం చేయమంటారో మీరే రాయండి.

విధేయురాలు,
డార్లీన్

తా.క.: మాస్టారూ, నేను ఎవరికీ చెప్పలేదు. డ్వేన్‌కు కూడా ఆ టోపీ ఎవరిదో తెలియదు.


వాంగ్ కూడలి,
మే 4

చిరంజీవి డార్లీన్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మంగళవారం ప్రాట్‌ఫర్డ్ వస్తున్నాను, బోర్డు ముందుకు కాదు. అదే వసారాలో అవతలి చివర ఉన్న జడ్జిగారి గదికి. మా పాస్టరు కాథలిక్కుతో పెళ్ళి కుదరదన్నాడు, వాళ్ళ ఫాదరు లూథరన్‌తో కుదరదన్నాడు. ముప్పై ఏళ్ళ తరువాత ఈ ఇద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిర్చిన ఘనత మాకు దక్కింది. జడ్జిగారికి మతం పట్టింపు లేదు. పదిన్నరకు రమ్మన్నాడు.

జరిగింది చెబుతాను, నువ్వు వేరే రకంగా వినకముందే. నిన్న గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, ఈసారి కూర్చున్నాను. సంగతంతా చెప్పాను, టోపీతో సహా. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే వచ్చేసేవాణ్ణి.

“మీ రూడెన్ ఇంట్లో గది ఏమైనా ఖాళీగా ఉందా?” అన్నాను.

“గది లేదు. కుర్చీ ఉంది, లియోది.”

“కాథలిక్కు కుర్చీ నాకు పడదు.”

“అయితే మీ కుర్చీ మీరే తెచ్చుకోండి” అంది.

సాయంత్రం కుర్చీ మోసుకుపోయాను. పిల్లి అప్పటికే అక్కడుంది.

కాబట్టి పటం మీద రాత ముట్టుకోవద్దు. “టోలెఫ్సన్ ఇల్లు” అన్నది సరిగ్గా ఉంది. ఆ పెద్దాయన ఎవరని బోర్డు అడిగితే, వాంగ్‌లో నిజం చెప్పే మనిషి ఒకడున్నాడని చెప్పు. టోలెఫ్సన్ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు అన్నాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడు అన్నాడు, రాడు. అతను అబద్ధం చెప్పలేదు. కాస్త ముందుగా చెప్పాడు.

ఖాళీ అయిన ఇంట్లోకి డ్వేన్‌ను, భార్యాబిడ్డలను తెచ్చుకోమను. చేయి కట్టు విప్పగానే వేలెత్తడం మొదలుపెట్టాలి, అదొక్కటే షరతు. తన ముత్తాత ఇంట్లో ఉంటూ, “టోలెఫ్సన్ ఇంట్లో ఉంటున్నాను” అని ఊరందరికీ చెప్పుకోవాల్సి వస్తుంది, పాపం. నన్ను ఇన్ని తిప్పలు పెట్టినందుకు ఆ మాత్రం శిక్ష ఉండాలి. మార్లిస్‌ను సాక్షి సంతకానికి రమ్మన్నాను. ఇకమీదట మంచు మీద జారిపడితే చూసేందుకు ఎదురుగా మనుషులున్నారని చెప్పాను. ఏడ్చింది. ఈ పిల్ల దేనికైనా ఏడుస్తుంది. సిల్వర్ లేక్ గది కల్నల్‌కు ఇవ్వమను, జూన్ దాకా అతనికి పనేమీ లేదు.

రోజాలియా ఇందుకు ఎందుకు ఒప్పుకుందో నాకు ఇంకా అనుమానంగానే ఉంది. ట్రాక్టరు కాదు, పొలమూ కాదు. అడిగి చూశాను. కారణం కనిపెట్టేదాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
రూడెన్ ఇంటి నుంచి,
ఆర్విడ్ టోలెఫ్సన్

తా.క.: ఆ పటం మీద ఈ ఇంటికి “రూడెన్ ఇల్లు” అనే ఉంచు. ఎవరు అడిగినా, ఎన్నేళ్ళు గడిచినా, పొరపాటున కూడా దానికి రోజాలియా పేరు పడనివ్వద్దు. నేను ఇప్పుడే కదా వచ్చింది.